గట్టు మీది సీసా ఎక్కడికి పోతోంది?

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో పత్తి ధర ఉంది, యూరియా కొరత ఉంది, కౌలు కార్డులు ఉన్నాయి. వాటి మధ్యలో "ఖాళీ ప్లాస్టిక్ సీసాలు" అని ఒక అంశం పెట్టాం. అది చూసి కొందరు మిత్రులు "ఇది మున్సిపాలిటీ వాళ్ల పని కదా, రైతు సంఘానికి ఎందుకు?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

కాలువకు నీళ్లు వదలక ముందు మన సభ్యులు పిల్ల కాలువలో పూడిక, గుర్రపుడెక్క తీసిన సంగతి మీకు తెలుసు. ఆ పనిలో తూము దగ్గర పేరుకున్న సీసాలన్నీ ఏరితే ఒక్క పూటలో తొమ్మిది ఎరువుల సంచులు నిండాయి. వాటిని పంచాయతీ ఆఫీసు ముందు కుప్ప పోసి వేరు చేశాం. ఎక్కువగా రెండు రకాలే కనిపించాయి. ఒకటి, మంచినీళ్ల సీసాలు, కూల్ డ్రింకు సీసాలు. రెండు, పురుగుమందు సీసాలు. మొదటివాటిలో కొన్ని రోడ్డు మీద పోయేవాళ్లు విసిరినవి, కొన్ని మన పెళ్లిళ్లవి, కొన్ని మన సభలవి. రెండో రకం మాత్రం నూటికి నూరు పాళ్లు మనవే. అది ఒప్పుకునే మాట్లాడుకుందాం.

పాత సామాన్లు కొనే అతను ఆటో తెచ్చాడు. నీళ్ల సీసాలు తూకం వేసుకున్నాడు. మందు సీసాలను చూసి "ఇవీ ఇచ్చేయండి, పోతాయి" అన్నాడు. ఎక్కడికి పోతాయని అడిగాం. "పట్నంలో పెద్ద షాపుకు పోతాయి, ఆ తర్వాత నాకు తెలియదు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఉన్న మాటే చెప్పాడు. కానీ మన గట్టు మీద నుండి లేచిన సీసా ఎక్కడికి పోతుందో, తిరిగి మన దగ్గరికి ఏ రూపంలో వస్తుందో మనకు తెలియకపోతే ఎట్లా? నీళ్ల సీసాలు ఇచ్చాం. మందు సీసాలు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికే ఈ ప్రసంగం.

నీళ్ల సీసా ప్రయాణం

నీళ్ల సీసా 'పెట్' అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని పుట్టుక ముడిచమురు నుండే. ఒక లీటరు ఖాళీ సీసా ఇరవై, ఇరవై అయిదు గ్రాములు తూగుతుంది. అంటే ఒక కిలో కావాలంటే నలభై, యాభై సీసాలు వంగి ఏరాలి. ఎండలో, మురుగులో, కుక్కల మధ్య ఆ పని చేసేది చెత్త ఏరుకునే పేదలు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లలో చాలామంది పని దొరక్క పల్లె వదిలి పట్నం చేరినవాళ్లు, నిన్నటి వ్యవసాయ కూలీలు. మన దేశంలో పెట్ సీసాలు వీధుల్లో మిగతా ప్లాస్టిక్ అంతగా పేరుకోకపోవడానికి కారణం ఏ కంపెనీ దయా కాదు, వీళ్ల కష్టం.

పట్నం షాపులో సీసాలను రంగును బట్టి వేరు చేసి, నొక్కి బేళ్లు కడతారు. అక్కడి నుండి అవి ఫ్యాక్టరీకి పోతాయి. మూతలు, లేబుళ్లు తీసేసి, సీసాలను చిన్న చిన్న ముక్కలుగా కొడతారు. ఆ ముక్కలను కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్లలో కడుగుతారు. పెట్ నీటి కంటే బరువు కాబట్టి మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి. మన ఆడవాళ్లు బియ్యం కడిగేటప్పుడు తాలు తేల్చినట్టే. మునిగిన ముక్కలను ఆరబెట్టి, దాదాపు 260 డిగ్రీల వేడిలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా లాగితే పాలిస్టర్ దారం వస్తుంది. అంటే మనం తాగి పారేసిన సీసా చొక్కా అవుతుంది, దిండులో దూది అవుతుంది, తివాచీ అవుతుంది.

ఇందులో మంచి లేదా? ఉంది. ముడిచమురు నుండి కొత్తగా చేసేదాని కంటే దీనికి తక్కువ శక్తి పడుతుంది, తక్కువ పొగ వస్తుంది. సీసా కాలువలో పడి ఉండటం కంటే, పొయ్యిలో కాలడం కంటే ఇది చాలా నయం. కాబట్టి రీసైక్లింగ్ వద్దని మనం అనడం లేదు. అది అన్నీ పరిష్కరిస్తుందని మనకు చెబుతున్నారే, ఆ మాట దగ్గరే మన అభ్యంతరం.

లెక్క చూడండి. ప్లాస్టిక్ పుట్టినప్పటి నుండి 2015 వరకు ప్రపంచంలో దాదాపు 830 కోట్ల టన్నులు తయారైందని 2017లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అందులో 630 కోట్ల టన్నులు వ్యర్థమైంది. ఆ వ్యర్థంలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగిలిన 79 శాతం చెత్త దిబ్బల్లో, నేలలో, నీళ్లలో ఉంది. మన దేశంలో 2020-21లో ఒక్క ఏడాదిలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థం 41 లక్షల టన్నులు దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది.

రీసైకిల్ చేసే చోట కూడా ఖర్చు ఉంది. ముక్కలు కొట్టి కడిగే నీళ్లలో కంటికి కనపడని ప్లాస్టిక్ నలుసులు కలుస్తాయి. బ్రిటన్‌లో ఒక ఆధునిక రీసైక్లింగ్ ఫ్యాక్టరీని పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. వచ్చిన ప్లాస్టిక్‌లో 13 శాతం దాకా నలుసులుగా నీళ్లలో పోయే అవకాశం ఉందని, ఫిల్టర్లు పెట్టాక కూడా అది 6 శాతం దాకా ఉండవచ్చని అంచనా వేశారు. ఫిల్టర్ ఉన్నచోటే అంత ఉంటే, ఫిల్టరే లేని షెడ్డు నుండి వాగులోకి ఏం పోతుందో మనం ఊహించుకోవచ్చు. ఆ వాగు కింద మోటారు పెట్టుకుని నారు పోసుకునేది మనమే.

సీసా దారం, పత్తి రైతు

ఇప్పుడు పత్తి రైతులు జాగ్రత్తగా వినాలి. ఒకప్పుడు బట్ట అంటే పత్తే. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే దారంలో సగానికి పైగా పాలిస్టర్, పత్తి ఐదో వంతు దగ్గరికి దిగింది. పాలిస్టర్‌లో అధిక భాగం నేరుగా ముడిచమురు నుండే వస్తోంది. రీసైకిల్ పాలిస్టర్ వాటా తక్కువే. కానీ ఆ కొద్దిపాటి దారం దాదాపు మొత్తం పాత సీసాల నుండే వస్తోంది. పాత బట్టలను మళ్లీ బట్టలుగా మార్చేది నూటికి ఒక పాలు కూడా లేదు. అంటే సీసా ఒకసారి చొక్కా అయిందంటే దాని కథ అక్కడితో సరి. చిరిగాక చెత్త దిబ్బే దిక్కు. ఉతికినప్పుడల్లా సన్నని పోగులు నీళ్లలోకి పోతూనే ఉంటాయి. పత్తి చొక్కా చిరిగితే మసిగుడ్డ అవుతుంది, అది కూడా చివికిపోతే మట్టిలో కలిసిపోతుంది.

అయినా మార్కెట్‌లో ఏం జరుగుతోంది? సీసాతో చేసిన చొక్కాకు పర్యావరణ హితమని పచ్చ చీటీ తగిలిస్తున్నారు. పత్తి మాత్రం నీళ్లు తాగే పంట అని, మందులు మింగే పంట అని పేరు పడుతోంది. ఆ మాటలో నిజం లేదని మేం అనం. పత్తి మీద మనం ఎన్ని మందులు కొడుతున్నామో గట్టు మీది సీసాలే చెబుతున్నాయి. కానీ రెండింటినీ ఒకే తక్కెడలో తూయాలి కదా! ముడిచమురు బావి నుండి చెత్త దిబ్బ దాకా పాలిస్టర్ లెక్క కూడా తీయాలి.

ప్రభుత్వ విధానం ఎటు మొగ్గుతోందో కూడా చూడండి. జౌళి రంగానికి ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం కింద 2021లో కేంద్రం 10,683 కోట్ల రూపాయలు ప్రకటించింది. అది కృత్రిమ దారాల బట్టలకు, సాంకేతిక వస్త్రాలకు ఉద్దేశించింది. పత్తి బట్ట అందులో లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి కృత్రిమ ఫైబర్ మీద జీఎస్టీ 18 నుండి 5 శాతానికి, వాటి నూలు మీద 12 నుండి 5 శాతానికి తగ్గించారు. దానివల్ల మరమగ్గాల వాళ్లకు మేలు జరిగితే మనకు సంతోషమే. కానీ అదే సమయంలో పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుండి ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి తీత మొదలయ్యే నెలలవి. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర 8,110 రూపాయలు. సీసీఐ కేంద్రంలో తేమ 12 శాతం దాటితే కొనరు. అక్కడ తిరగ్గొట్టిన బండి దళారి దగ్గర ఎంతకు పోతుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

పత్తి ధర సీసాల వల్లే పడిపోతోందని మేం చెప్పడం లేదు. అట్లా చెబితే అబద్ధం అవుతుంది. కానీ ఒక పక్క చవక పాలిస్టర్, ఇంకో పక్క సుంకం లేని దిగుమతి పత్తి, మూడో పక్క సీసా దారానికి పచ్చ ముద్ర. ఈ మూడింటి మధ్య నలిగేది పత్తి రైతు. కాబట్టి సీసా సంగతి రైతు సంఘానికి ఎందుకు అంటే, ఇందుకు.

మరి సీసాను ఏం చేయాలి? మళ్లీ సీసాగానే చేయాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుండి కనీసం 30 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ వాడాలి. అది ఏటా పెరిగి 2028-29 నాటికి 60 శాతం కావాలి. ఈ నిబంధనను సడలించకుండా అమలు చేస్తే సీసాలు సీసాలుగానే తిరుగుతాయి, కొత్త ముడిచమురు అవసరం తగ్గుతుంది. దానికి సీసాలు శుభ్రంగా, విడిగా రావాలి. జర్మనీలో 2003 నుండి సీసా మీద డిపాజిట్ తీసుకుంటున్నారు. ఒక్కో సీసాకు 25 సెంట్లు. ఖాళీ సీసా తెచ్చి ఇస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. అందుకే అక్కడ దాదాపు అన్ని సీసాలూ తిరిగి వస్తున్నాయి. అంత దూరం ఎందుకు, పక్కనే తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుండి మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇస్తున్నారు. మన చిన్నతనంలో గోలీసోడా తాగి సీసా అక్కడే ఇచ్చేసి వచ్చేవాళ్లం. ఇదేమీ మనకు కొత్త విద్య కాదు.

మందు సీసా సంగతి వేరు

ఇప్పుడు మనం ఇవ్వని మందు సీసాల దగ్గరికి వద్దాం.

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. మోనోక్రోటోఫాస్ అంటే ఏమిటో పత్తి రైతుకు వేరే చెప్పాలా? ఆ నూనె పురుగుమందు డబ్బాలో ఉంచారేమోనన్న అనుమానం అప్పట్లోనే బలంగా వచ్చింది. ఒక ఖాళీ డబ్బా ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఆ పిల్లల పేరు తలుచుకోవాల్సి వస్తోంది.

మన ఊళ్లలో ఏం చేస్తున్నాం? నలుగురం మనస్సాక్షిగా చెప్పుకుందాం. మందు కలిపి సీసాను గట్టు మీద విసిరేస్తున్నాం. కాలువలో కడుగుతున్నాం, ఆ కాలువలోనే కింద గేదెలు నీళ్లు తాగుతున్నాయి. కొందరం పోగు చేసి తగలబెడుతున్నాం, ఆ పొగ మన ఇళ్ల మీదికే వస్తోంది. డబ్బా గట్టిగా ఉంటే కోసి లోటాలాగా, గాబులో నీళ్లు ముంచుకునే చెంబులాగా వాడుతున్నాం. ఇంకొందరం పాత సామాన్లకు వేస్తున్నాం. ఆ ఆఖరు పని మనకు తప్పులా కనిపించదు. కానీ మందు సీసా నీళ్ల సీసాలతో కలిసి పోతే, దాన్ని చేతులతో వేరు చేసే మనిషికి చేటు. కడిగిన నీళ్లకు చేటు. రేపు సీసాలు మళ్లీ తాగునీటి సీసాలు కావాలంటే ఆ వరుసలో మందు సీసా ఒక్కటి కూడా చేరకూడదు. అందుకే ఆ రోజు ఇవ్వలేదు.

మరి చట్టం ఏం చెబుతోంది? 1971 క్రిమిసంహారక మందుల నియమాల్లో 44వ నియమం ఉంది. ఖాళీ ప్యాకేజీలను మళ్లీ ఎవరూ వాడకుండా బయట వదిలేయకూడదని, పగలగొట్టి నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని అందులో ఉంది. యాభై ఏళ్ల కిందటి మాట అది. అప్పటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు. ఏటా పాతిపెడుతూ పోతే మన నేలలో మట్టి కంటే ప్లాస్టిక్ ఎక్కువవుతుంది. మందు అమ్మి లాభం తీసుకున్నవాడికి సీసాతో సంబంధం లేకుండా, దాన్ని పాతిపెట్టే బాధ్యత పొలానికే వదిలేస్తే అది న్యాయం కాదు.

వేరే దారి ఉందని బ్రెజిల్ చూపించింది. అక్కడ 2000 సంవత్సరంలో చట్టం చేశారు. రైతు సీసాను మూడుసార్లు కడిగి, చిల్లు పెట్టి, కొన్న ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో డీలరు బిల్లు మీదే రాయాలి. అక్కడి నుండి తీసుకుపోయి రీసైకిల్ చేయడమో, నాశనం చేయడమో కంపెనీల బాధ్యత. రైతు, డీలరు, కంపెనీ, ప్రభుత్వం నలుగురికీ చట్టం పని పంచింది. కంపెనీలన్నీ కలిసి 2001లో దీనికోసం ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఇవాళ అక్కడ మందును నేరుగా నింపే ప్లాస్టిక్ డబ్బాల్లో 90 శాతానికి పైగా వెనక్కి వస్తున్నాయి. వాటితో తాగునీటి సీసాలు చేయరు. కరెంటు తీగల గొట్టాలు, మళ్లీ మందు డబ్బాలు చేస్తారు. బ్రెజిల్ రైతు చేయగలిగింది మన రైతు చేయలేడా? చేస్తాడు. తీసుకునేవాడు ఉండాలి, అంతే.

ఇవాళ్టి నుండి మన పని

తీసుకునేవాడు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. సంఘం తరఫున ఒక పద్ధతి అనుకున్నాం. చేతులకు తొడుగులు వేసుకుని, మందు పంపులో పోశాక సీసాను అర నిమిషం బోర్లించి పట్టుకోవాలి. పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం బాగా ఊపి, ఆ నీళ్లు పంపులోనే పోయాలి. ఇట్లా మూడుసార్లు చేయాలి. ఆ నీళ్లు పారబోయొద్దు. అందులో ఉన్న మందుకు మనం డబ్బులు కట్టాం. మూడోసారి అయ్యాక సీసా అడుగున మేకుతో చిల్లు పెట్టాలి, ఇంకెవరూ దాన్ని వాడకుండా. మూత వేరుగా, సీసా వేరుగా ఒక ఎరువుల సంచిలో వేసి, పిల్లలకు, పశువులకు అందని చోట కట్టి ఉంచాలి. కాల్చొద్దు, కాలువలో కడగొద్దు, పాత సామాన్లకు వేయొద్దు. కడిగిన సీసా కూడా నూనెకు, నీళ్లకు పనికిరాదు. ఎంత కడిగినా పనికిరాదు.

అన్నిటి కంటే ముందు మాట: అవసరం లేని మందు కొట్టకపోతే ఆ సీసా ఊళ్లోకే రాదు. డీలరు చెప్పాడని రెండు మందులు కలిపి కొట్టడం తగ్గిద్దాం. పురుగు ఉధృతి చూసి కొడదాం.

ఇంకొకటి మన ఇంటి విషయం. మన సంఘం సభల్లో ఇకనుండి చిన్న నీళ్ల సీసాలు ఉండవు. ఈ రోజు చూశారు కదా, కుండలు, స్టీలు గ్లాసులు పెట్టాం. ఒకరిద్దరు మొదట మొహం చిట్లించారు, ఎండకు వచ్చి కుండ నీళ్లు తాగాక ఏమీ అనలేదు. పెళ్లిళ్లకు కూడా ఇదే పాటిద్దామని కోరుతున్నాం.

ప్రభుత్వం ముందు, కంపెనీల ముందు మనం పెడుతున్న డిమాండ్లు ఇవి:

పురుగుమందు కంపెనీలు ఖాళీ సీసాలను తమ ఖర్చుతో వెనక్కి తీసుకునేలా చట్టం చేయాలి. 2020 మార్చిలో రాజ్యసభలో పురుగుమందుల నిర్వహణ బిల్లు పెట్టారు. ఏ రూపంలో కొత్త చట్టం వచ్చినా అందులో ఈ బాధ్యత స్పష్టంగా ఉండాలి. సీసా మీద డిపాజిట్ పెట్టి, తిరిగి ఇచ్చిన రైతుకు ఆ డబ్బు ఇవ్వాలి. ధర పెంచడానికి దాన్ని సాకుగా వాడకూడదు.

ప్రతి మండలంలో మందు సీసాలకు సేకరణ కేంద్రం పెట్టాలి. డీలరు బిల్లు మీద ఆ చిరునామా ఉండాలి.

రీసైక్లింగ్ షెడ్ల మురుగు నీటిని కాలుష్య నియంత్రణ మండలి క్రమం తప్పకుండా పరీక్షించి, ఆ ఫలితాలు పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.

చెత్త ఏరుకునేవారికి గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, బూట్లు, వైద్య సాయం ఇవ్వాలి. వారి కిలోకు గిట్టే ధర దక్కాలి. గిట్టుబాటు ధర మాట మనకొక్కరికే కాదు.

పత్తి తీసే నెలల్లో దిగుమతి సుంకం ఎత్తేయకూడదు. పాలిస్టర్‌కు ఇచ్చే ప్రోత్సాహం పత్తి బట్టకు కూడా ఇవ్వాలి. బట్ట మీద ఎంత పత్తి, ఎంత పాలిస్టర్ అన్నది కొనేవాడికి కనపడేలా ముద్రించాలి.

ప్రతి ఊళ్లో తాగదగ్గ నీళ్లు కుళాయిలో రావాలి. కుళాయిలో మంచి నీళ్లు వస్తే సీసా కొనేవాడెవడు?

మిత్రులారా, ఆ రోజు వేరు చేసిన మందు సీసాలు నాలుగు సంచులు పంచాయతీ ఆఫీసు వెనుక గదిలో తాళం వేసి ఉన్నాయి. వచ్చే సోమవారం మనం మండల వ్యవసాయ అధికారి దగ్గరకు వినతిపత్రంతో పోతున్నాం. చిల్లు పెట్టిన సీసాల సంచి ఒకటి నమూనాగా తీసుకుపోదాం. "ఇవి మేం కడిగాం, చిల్లు పెట్టాం, కట్టి తెచ్చాం. మా పని మేం చేశాం. ఇప్పుడు వీటిని ఎవరికి ఇవ్వమంటారో చెప్పండి" అని అడుగుదాం. సమాధానం వచ్చేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉందాం. ఉదయం పది గంటలకల్లా అందరూ రండి. వచ్చేటప్పుడు మీ ఇళ్లలో ఉన్న ఖాళీ మందు సీసాలెన్నో లెక్క రాసుకుని రండి.